గేమ్ గురించి వార్త వేసేటప్పుడు ఆ గేమ్ ఏందో కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

జూన్ నెలాఖర్లో మీ సినిమా పేజీలో ఒక వార్త వచ్చింది, రాజమౌళి గారూ వాళ్లబ్బాయి కార్తికేయ గారూ డెత్ స్ట్రాండింగ్ 2 అనే జపాన్ వీడియో గేమ్‌లో కనిపిస్తారని, పక్కన ఫొటో కూడా వేశారు, మా ఆఫీసులో ఆ పేజీ చేతులు మారి మారి మధ్యాహ్నానికే నలిగిపోయింది. మన తెలుగాయన్ని అంత పెద్ద గేమ్‌లో పెట్టుకున్నారంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు. కానీ సార్, ఆ వార్త పైనుంచి కింది దాకా చదివినా ఆ గేమ్ ఏంది, ఆడేవాళ్లు అందులో చేసే పని ఏంది, దాన్ని ఎవరు తయారు చేశారు, కథ ఎక్కడ జరుగుతుంది, ఒక్క ముక్క లేదు. సినిమాకైతే రిలీజైన రోజు సాయంత్రానికే రివ్యూ వచ్చేస్తుంది, ఫస్టాఫ్ ఎట్లుంది సెకండాఫ్ ఎక్కడ డల్ అయింది అని అంతా రాస్తారు, మరి దీనికెందుకు రాయరు? అందుకే ఈ ఉత్తరం. గేమ్ నేనింకా పూర్తి చేయలేదు, కథలో మెక్సికో దాటి ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాను అంతే, అయినా ఇప్పటిదాకా చూసిన దాంట్లోనే చెప్పాల్సింది చాలా ఉంది.

నేను అనంతపురంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూస్తాను. సీజన్‌ని బట్టి చీనీ కాయలు, టమాటా, శనక్కాయ ఇవే మా లోడ్లు. తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, దసరాకి వచ్చినప్పుడు వాడి పీఎస్5 అనే గేమ్ మిషన్ తెచ్చి ఇంట్లో పెట్టిపోయాడు, సంక్రాంతికి వచ్చి తీసుకుపోతానన్నాడు. ఈ గేమ్ మొదటి భాగం నేను వాడి రూమ్‌లోనే ఆడాను, పోయినప్పుడల్లా కొంచెం కొంచెం, అందుకే రెండోది వచ్చిందనగానే వాడికంటే నాకే తొందర ఎక్కువైంది.

గేమ్ పేరు డెత్ స్ట్రాండింగ్ 2, ఆన్ ద బీచ్. 2025 జూన్ 26న పీఎస్5కి వచ్చింది. తయారు చేసినాయన హిదియో కొజిమా. 1987లో మెటల్ గేర్ అనే గేమ్ చేశాడీయన, ఎదురుపడి కాల్చుకుంటూ పోవడం కాదు, శత్రువు కంట పడకుండా నక్కి నక్కి పోవడంలోనే ఆట మజా ఉందని ప్రపంచానికి చూపించిన వాళ్లలో ఆయనే ముందుంటాడు. చాలా ఏళ్లు కొనామీ అనే కంపెనీలో చేసి 2015 డిసెంబర్లో బయటికొచ్చి సొంత స్టూడియో పెట్టుకున్నాడు, ఆ సొంత స్టూడియో నుంచి వచ్చిన మొదటి గేమే 2019 నవంబర్ నాటి డెత్ స్ట్రాండింగ్. హీరో పేరు శామ్ పోర్టర్ బ్రిడ్జెస్, ఆ పాత్ర చేసింది నార్మన్ రీడస్ అనే హాలీవుడ్ నటుడు, ఫ్రాజైల్ అనే ఆవిడ పాత్ర ఫ్రాన్స్ నటి లియా సేడూ చేసింది, వీళ్ల మొహాలు కంప్యూటర్‌లోకి స్కాన్ చేసి ఎక్కించారు కాబట్టి కళ్లలో నీళ్లు తిరిగితే అచ్చం మనిషిని చూస్తున్నట్టే ఉంటుంది.

హీరో చేసే పనేందంటే సార్, సరుకు మోయడం. అవును, అంతే. మందులు, తిండి సామాన్లు, మిషన్ల పార్ట్‌లు, ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి అందించడం. లోకంలో ఒక పెద్ద ఉపద్రవం జరిగి బతికున్న వాళ్ల లోకానికీ చచ్చిపోయిన వాళ్ల లోకానికీ మధ్య ఉన్న గోడ తెగిపోయింది, చచ్చిపోయినోళ్లు కంటికి కనపడని ఆకారాలుగా ఇటువైపు వచ్చి తిరుగుతుంటారు, వాటిని బీటీలు అంటారు. మనిషి చచ్చిపోతే తొందరగా దహనం చేసేయాలి, లేకపోతే ఆ శవమే ఇంకో బీటీ అవుతుంది, అది బతికున్నోణ్ణి పట్టుకుందంటే పెద్ద పేలుడు జరిగి ఊరుకి ఊరే గుంత అయిపోతుంది. వాన పడిందంటే దాని కింద తడిసినవన్నీ క్షణాల్లో ముసలివైపోతాయి, గడ్డి మొలిచి ఎండిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, వీపు మీదున్న పెట్టెలు కూడా తుప్పు పట్టి లోపల సరుకు పాడైపోతుంది. దాంతో జనం భయపడి నేల కింద ఇళ్లు కట్టుకుని ఎవరికి వారు ఉండిపోయారు, వాళ్లందరినీ మళ్లీ ఒక నెట్‌వర్క్‌లో కలపడమే శామ్ పని. మొదటి భాగంలో అమెరికా తూర్పు నుంచి పడమర దాకా కలుపుతాడు.

రెండోది అక్కడినుంచి 11 నెలల తర్వాత మొదలవుతుంది. మొదటి దాంట్లో గాజు సీసా లాంటి పాడ్‌లో ఉన్న పసిబిడ్డ లూ ఇప్పుడు బయట ఉంది, శామ్ ఎదకి కట్టుకుని కొండల మీద నడుస్తుంటాడు, మొదట్లోనే ఒక భూకంపం వస్తుంది, బిడ్డని ఒక చేత్తో పట్టుకుని రాళ్ల మధ్య తమాయించుకోవాలి. యుద్ధం లేదు, పేలుళ్లు లేవు, నాన్న లాంటి ఒక మనిషి, ఒక బిడ్డ, ఒక కొండ, దిగాల్సిన దారి. ఎన్నో పెద్ద పెద్ద గేమ్‌లు మొదటి ఐదు నిమిషాల్లోనే ఆకాశం బద్దలు కొట్టేస్తాయి, ఈయన అట్లా చేయలేదు. తర్వాత ఫ్రాజైల్ వచ్చి మెక్సికోని కలిపి పెట్టమని అడుగుతుంది, ఇష్టం లేకుండానే శామ్ బయల్దేరతాడు, ఆ తర్వాత జరిగేది నేను రాయను, ఎవరైనా ఆడదామనుకునే పిల్లోళ్లు చదివితే వాళ్లకి అన్యాయం చేసినట్టు అవుతుంది. నాకు మాత్రం ఆ రాత్రి చేతిలో పట్టుకుని ఆడే బటన్ల కంట్రోలర్ పక్కన పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక మోత సంగతి, ఇది నేను వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగమంతా అదే. గేమ్‌లో సరుకు తీసుకునేటప్పుడు ఒక్కో పెట్టెకి ఎన్ని కేజీలో రాసుంటుంది, వీపు మీద ఎంత, భుజాలకి ఎంత, నడుముకి ఎంత అని మనమే సర్దుకోవాలి. సర్దింది బాగలేకపోతే నడిచేటప్పుడు మనిషి ఒకవైపుకి తూలుతాడు, అప్పుడు కంట్రోలర్ వెనకాల ఎల్2, ఆర్2 బటన్లు ఉంటాయి, ఎడమకి తూలితే కుడిది నొక్కాలి, కుడికి తూలితే ఎడమది, రెండూ పట్టుకుంటే పట్టీలు బిగించి నిలబడతాడు కానీ నడక నిదానిస్తుంది. రాళ్లలో నడిచి నడిచి బూట్లు అరిగిపోతాయి, ఇంకో జత వెంట తీసుకుపోవాలి. కింద పడ్డామంటే పెట్టెలు దొర్లుకుంటూ పోతాయి, ఏటిలో పడితే కొట్టుకుపోతాయి, మనం వాటెంట పరిగెత్తాలి. డెలివరీ ఇచ్చేటప్పుడు సరుకు ఎంత డామేజ్ అయిందో లెక్క చూసి మరీ మార్కులు ఇస్తారు. మా ఆఫీసు హమాలీ మేస్త్రీ ఒక సాయంత్రం గోడౌన్ తాళాలు ఇవ్వడానికి ఇంటికొచ్చి టీవీ ముందు నిలబడిపోయాడు, నేను పెద్ద పెట్టెని పైన పెట్టి చిన్నవి కింద పెడుతుంటే చూసి, "బరువుది అడుక్కి ఏయప్పా, పైన ఏస్తే వాడు గట్టు దిగేకాడ బోర్లా పడ్తాడు" అన్నాడు. ఆయన చెప్పినట్టే సర్దితే గట్టు దిగేటప్పుడు శామ్ నిజంగానే కుదురుగా నడిచాడు. వీడియో గేమ్ ముట్టుకోని మనిషి సార్ ఆయన, ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన భుజాలు, ఆయన తెలివి ఆ గేమ్‌లో పనికొచ్చింది. ఈ గేమ్ తయారు చేసినోళ్లు బరువు మోసేవాడి కష్టాన్ని దగ్గరనుంచి చూసి చేశారు అనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కొంచెంసేపు కూర్చుని టీ తాగి పోతూ పోతూ "వానికి కూలెంత ఇస్తారప్పా" అని కూడా అడిగాడు. కూలి అంటూ ఏమీ ఉండదు, సరుకు అందుకున్నోళ్లు మెచ్చుకుంటూ లైక్‌లు ఇస్తారు, బదులుగా కొత్త సామాను, కొత్త పరికరాలు ఇస్తారు అని చెప్తే తల ఊపి పోయాడు.

మొదటి భాగంలో దారి అంటే రాళ్లు, మంచు, ఏర్లు. ఇప్పుడు దారి కూడా ఊరుకోదు. భూమి కదులుతుంది, కొండ మీదినుంచి రాళ్లు దొర్లుతాయి, ఇసుక తుఫాను వస్తే రెండడుగుల ముందు ఏముందో కనపడదు, అడవి అంటుకుంటుంది, రాత్రి పగలు మారుతుంటాయి. వాన పడితే ఏరు పొంగుతుంది, పొద్దున మోకాళ్ల లోతులో దాటిన చోటే తిరుగు ప్రయాణంలో మనిషిని తోసుకుపోతుంది. మన అనంతపురం వాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఊరు మనది, పండమేరు వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుంది, అదే పండమేరు 2024 అక్టోబర్లో ఒక్క రాత్రి వానకి పొంగి ఊరి పక్క కాలనీల్లోకి వచ్చేసింది. నీళ్లు లేవు కదా అని నమ్మి ఏటి దారిలో పోవద్దని ఈ గేమ్ నేర్పిస్తుంది, సరుకు వీపున పెట్టుకుని మధ్యలోకి పోయాక నీళ్ల రంగు మారుతుంది, శామ్ కాళ్లు జారడం మొదలవుతుంది, కంట్రోలర్ చేతుల్లో వణుకుతుంది, వెనక్కి పోవాలా ముందుకి పోవాలా తేల్చుకునే లోపల అడుగునున్న పెట్టెలు రెండు కొట్టుకుపోయాయి నావి.

ఆస్ట్రేలియా ఎర్ర మట్టి, ఇసుక తిన్నెలు చూస్తే నాకు బొమ్మనహాళ్, కణేకల్ వైపు గుర్తొచ్చింది. వేదావతి హగరి ఒడ్డున గాలికి ఇసుక మేటలు వేసి పొలాల మీదికి ఎట్లా జరుగుతూ వస్తుందో అక్కడి రైతులకి తెలుసు, ఆ వైపు లోడ్‌కి పోయిన డ్రైవర్లకీ తెలుసు. అట్లాంటి నేల మీద బరువుతో నడవడం ఎంత కష్టమో గేమ్‌లో కాలు దిగబడిన ప్రతిసారీ తెలుస్తుంది. ఇట్లాంటి గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు, దీనికి వాడిన డెసిమా అనే ఇంజిన్ నెదర్లాండ్స్‌లోని గెరిల్లా గేమ్స్ వాళ్లది, నేల మీద వెలుతురు, దుమ్ము, దూరపు కొండలు అంత నిజంగా ఉన్నాయంటే దాంట్లో వాళ్ల పనితనం కూడా ఉంది.

ఇప్పుడు నాకు కొంచెం అసంతృప్తి ఉన్న సంగతి. మొదటి దాంట్లో బండి చేతికి రావడానికి చాలాసేపు పట్టేది, అప్పటిదాకా కాళ్లే దిక్కు, ఎక్కడ నిచ్చెన వేయాలి, ఎక్కడ తాడు కట్టి దిగాలి అని మ్యాప్ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. రెండోదాంట్లో బండ్లూ తుపాకులూ తొందరగా ఇచ్చేస్తారు. ట్రక్ లాంటి ఆఫ్‌రోడర్ ఒకటి, మూడు చక్రాల బండి ఒకటి. బందిపోట్ల క్యాంప్‌లో దూరి సరుకు తెచ్చుకోవడం, దూరంనుంచి గురి చూసి కొట్టడం, ఎర్ర వెలుగు మొహాల మరమనుషులతో కొట్లాట, ఇవన్నీ మొదటి దానికంటే చాలా బాగున్నాయి, తుపాకీ పట్టుకుంటే చేతికి బరువు తెలుస్తుంది, నక్కి పోవడానికి గడ్డి, గోడలు, వెనక దారులు పెట్టారు, ఫైటింగ్ ఇష్టపడే పిల్లోళ్లు మొదటి భాగం బోర్ అన్నవాళ్లు కూడా దీనికి వస్తారు. తమ్ముడు దీన్నే మెచ్చుకుంటాడు, "అనా, ఇప్పుడు గేమ్ లెక్క ఉంది" అంటాడు. నేను ఒప్పుకోను. బండి దొరికాక కొండని చూసి భయపడటం తగ్గుతుంది, ఆ భయమే మొదటి గేమ్‌కి ప్రాణం. ఇప్పటికీ నేను చిన్న లోడ్ అయితే బండి షెడ్‌లోనే వదిలేసి నడిచే పోతున్నాను, అట్లా ఆడినా గేమ్ అడ్డు చెప్పదు కాబట్టి సరిపోయింది.

ఇందులో తోడుగా ఒక బొమ్మ ఉంటాడు, డాల్‌మ్యాన్ అంటారు, శామ్ నడుముకి వేలాడుతూ మాట్లాడుతుంటాడు, మిగతావాళ్లంతా సాఫీగా కదులుతుంటే ఈయన ఒక్కడూ తోలుబొమ్మ లెక్క ఆగి ఆగి కదులుతాడు, అది కావాలని అట్లా చేసిందే. గాల్లోకి విసిరితే పైనుంచి ముందర ఎవరున్నారో చూసి చెప్తాడు. మన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, వాళ్ల పిల్లలు ఎవరైనా ఈ పాత్రని చూస్తే బాగుండు అనిపించింది నాకు, బొమ్మకి కదలికతో ప్రాణం పోసే విద్య వాళ్లకి కొత్త కాదు కదా.

తారులో మునిగి తేలుతూ పోయే మాజెల్లాన్ అనే ఓడ ఇప్పుడు శామ్ వాళ్ల ఇల్లు, దాంట్లో ఒక్కొక్కరే మనుషులు చేరుతుంటారు. మొదటి భాగంలో శామ్ ఒంటరి, ఎవరైనా చేయి తగిలిస్తే వెనక్కి జరిగేవాడు. ఇప్పుడు పని ముగించుకుని వచ్చేసరికి ఎదురుచూసే వాళ్లు ఉంటారు, పలకరిస్తారు, ఈ మార్పు నాకు బాగా నచ్చింది.

నాకు ఇంకా నచ్చింది వేరే ఆటగాళ్లు చేసే సాయం. ఈ గేమ్‌లో ఇంటర్నెట్ ఉంటే ఇంకో మనిషి మన ముందుకి రాడు, మనల్ని కాల్చడు, తిట్టడు. ఎక్కడో ఎవరో వేసి వదిలేసిన నిచ్చెన మన దారిలో కనపడుతుంది. ఎవరో కట్టిన వంతెన, ఎవరో కట్టిన తాడు. ఒక ప్రాంతాన్ని నెట్‌వర్క్‌లో కలిపిన తర్వాతే అవి కనిపిస్తాయి, అంటే మొదటిసారి ఒక్కడివే కష్టపడి దాటాలి, తర్వాత అందరి కష్టం నీకు దొరుకుతుంది. రోడ్డు వేయాలంటే లోహం, సెరామిక్ లాంటి సామాను మోసుకొచ్చి మిషన్‌లో వేయాలి, నీతోపాటు ఎవరెవరో వేస్తారు, ఒకరోజు పొద్దున చూస్తే రోడ్డు పడి ఉంటుంది. ఈసారి గనుల నుంచి సామాను తెచ్చే మోనోరైల్ కూడా పెట్టారు. నేను ఒక వాగు మీద నిచ్చెన వేసి వదిలేశాను, మర్నాడు ఆన్ చేస్తే దాని మీద ఎవరెవరో నడిచి లైక్ కొట్టి పోయారు, ఏ దేశం వాళ్లో, ఏ భాష వాళ్లో. వాన పడి పడి అది కూడా తుప్పు పట్టి పోతుంది, ఎవరో ఒకరు రిపేర్ చేస్తేనే నిలుస్తుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పిల్లోళ్లు ఆడే గేమ్‌లు చూస్తున్నా కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకరినొకరు అమ్మనాబూతులు, అట్లాంటి చోట ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నిచ్చెన వేసి పోయే ఆట ఒకటి ఉందని పెద్దోళ్లకి ఎవరు చెప్పాలి సార్, మీరు రాయకపోతే?

మా అమ్మ సంగతి కూడా చెప్తాను. మొదట్లో టీవీ మీద సీరియల్ పోయిందని కోపం. తర్వాత పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ చూడటం మొదలుపెట్టింది, "ఎవురికి రా ఆ మూట, ఏముంది అందులో" అని అడుగుతుంది, మందులమ్మా, ఫలానా ఇంటాయనకి అంటే "పడేయాకు, నిదానంగా పో" అంటుంది. మా నాన్న లారీ డ్రైవర్, పోయారు ఆయన, రోజుల తరబడి ఎక్కడున్నాడో తెలీకుండా ఎదురుచూసిన మనిషి మా అమ్మ. శామ్ గమ్యం చేరి సరుకు దించగానే ఆమె ముఖంలో ఒక తేలిక కనపడుతుంది. సినిమా చూసి ఏడ్చిన వాళ్ల గురించి మీరు ఎన్నో రాశారు, ఇది కూడా రాయదగ్గ సంగతే.

రాజమౌళి గారి విషయానికి వస్తే, ఆయన సినిమా జపాన్‌లో విడుదలైన 2022లో అక్కడికి పోయినప్పుడు కొజిమా స్టూడియోకి కూడా వెళ్లారు, అక్కడే ఆ పరిచయం. గేమ్‌లో ఆయనది అడ్వెంచరర్ అనే పాత్ర, కార్తికేయ గారిది ఆ అడ్వెంచరర్ కొడుకు, నేల కింద ఇంట్లో ఉండే వాళ్ల దగ్గరికి మనం సరుకు తీసుకుపోవాలి. మీ వార్తలో ఆయన గేమ్‌లో ఉన్నారని మాత్రమే ఉంది, కానీ ఆయన్ని చూడాలంటే మోత మోసుకుంటూ నడిచి పోవాలి, ఆ నడకే ఈ గేమ్, ఆ ఒక్క వాక్యం వేసుంటే చదివినోళ్లకి గేమ్ అర్థమయ్యేది. నేనింకా ఆ ఇంటికి చేరలేదు, చేరే రోజు మేస్త్రీని కూడా పిలుస్తానని మాటిచ్చాను. ఇట్లా సినిమా డైరెక్టర్లని పాత్రలుగా పెట్టడం కొజిమాకి అలవాటు, మాజెల్లాన్ ఓడ నడిపే టార్‌మ్యాన్‌కి ఆస్ట్రేలియా దర్శకుడు జార్జ్ మిల్లర్ రూపం, డాల్‌మ్యాన్‌కి జర్మనీ దర్శకుడు ఫాతిహ్ అకిన్ రూపం. ఆ వరసలో మన దర్శకుడు ఉన్నాడు. ఇది కూడా వార్తే కదా సార్.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత్రలు చాలాసేపు మాట్లాడతాయి, ఒక్కో సీన్‌లో కొత్త కొత్త పేర్లు పది వస్తాయి, మొదటి భాగం ఆడని వాళ్లు తికమక పడతారు, మాటల అర్థాలు చెప్పే ఒక డిక్షనరీ లాంటిది గేమ్‌లోనే పెట్టారు, అది కొంత నయం. స్క్రీన్ మీద అక్షరాలు చిన్నవి, మెనూలు ఎక్కువ. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీష్ బాగా రాని వాళ్లకి నేను పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తోంది, మన దర్శకుడు ఉన్న గేమ్‌కైనా తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుంటే ఎంత బాగుండేది. ఖర్చు కూడా తక్కువ కాదు, గేమ్ వచ్చినప్పుడు డిస్క్ ఐదు వేల దగ్గర, మిషన్ యాభై వేలకి అటూ ఇటూ ఉండింది, మా జీతాలకి అది పెద్ద మాట, తమ్ముడు లేకపోతే నాకు కూడా అందేది కాదు. పాటలు మాత్రం వంక పెట్టడానికి లేదు. మొదటి భాగంలో పొడుగాటి దారిలో నడుస్తుంటే లో రోర్ అనే బ్యాండ్ పాట వచ్చేది, ఆ గొంతు రయాన్ కరజియాది, ఆయన 2022లో చనిపోయాడు. ఈసారి వుడ్‌కిడ్ అనే ఫ్రాన్స్ సంగీతకారుడు చేశాడు, కొండ అంచుకి వచ్చి దూరంగా ఊరు కనపడగానే పాట మొదలవుతుంది, ఆ చోటు ఎవరు ఎంచారో గానీ సరిగ్గా ఎంచారు.

ఇంకో ముఖ్యమైన విషయం. మొదటి గేమ్ వచ్చిన కొన్ని నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. అందరూ తలుపులేసుకుని ఇళ్లలో, వీధుల్లో తిరిగేది సరుకు తెచ్చేవాళ్లు మాత్రమే. 2020లో మా ఆఫీసు లారీలు ఆగలేదు, నిత్యావసరాలని పాస్ ఇచ్చారు, హైవే మీద హోటళ్లు మూసేస్తే డ్రైవర్లు బండిలోనే వండుకుని తిన్నారు, ఊర్లోకి వస్తే జనం దూరంగా జరిగేవాళ్లు. ఆ గేమ్‌లో ఉన్నది అదే. కోవిడ్ తర్వాత రెండో భాగం కథని మళ్లీ మార్చి రాసుకున్నానని కొజిమా స్వయంగా చెప్పాడు, కలపడం నిజంగా మంచిదేనా అనే ప్రశ్న మీద ఈ కథ నడుస్తుంది. జవాబు ఏమిస్తాడో చివరిదాకా పోతే గానీ తెలీదు, కానీ ఇంత పెద్ద ప్రశ్నని ఒక ఆటలో వేయడమే నాకు గౌరవంగా అనిపిస్తోంది.

సార్, ఇప్పుడు మీ పేపర్‌లో గేమ్ అనే మాట ఎప్పుడొస్తుందో చూడండి. ఆన్‌లైన్ గేమ్‌లో లక్షలు పోగొట్టుకున్న యువకుడు, గేమ్ ఆడొద్దన్నందుకు అలిగిన పిల్లోడు, అంతే. ఆ వార్తలు రావాల్సిందే, బెట్టింగ్ యాప్‌ల వల్ల మా డ్రైవర్ల ఇళ్లలోనే పొలం అమ్ముకున్న వాళ్లున్నారు, నేను చూశాను. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించింది, కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది, అదే చట్టం ఈ-స్పోర్ట్స్ అనే వీడియో గేమ్ పోటీల్నీ, డబ్బు పందెం లేని ఆటల్నీ వేరు చేసి ప్రోత్సహిస్తామంది. చట్టమే వేరు చేసినప్పుడు పేపర్ ఎందుకు ఒకే గంపలో వేస్తుంది. మా వీధిలో ఒకాయన కొడుకు గేమ్ డిజైన్ చదువుతానంటే "జూదం నేర్చుకుంటావా" అని కొట్టబోయాడు. ఆ తండ్రి రోజూ మీ పేపరే చదువుతాడు. బొమ్మ గీసేవాళ్లు, పాట కట్టేవాళ్లు, కథ రాసేవాళ్లు, ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు వందల మంది ఏళ్ల తరబడి చేస్తే గానీ ఇట్లాంటి గేమ్ రాదని, అది ఒక ఉద్యోగం, ఒక కళ అని ఆయనకి తెలిసే దారి మీ పేజీలే.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆదివారం అనుబంధంలో వారానికి అర పేజీ, అది కుదరకపోతే పావు పేజీ, కొత్తగా వచ్చిన గేమ్ ఏంది, ఎవరు చేశారు, ఎన్నేళ్ల పిల్లలు ఆడొచ్చు, ఎంత ఖర్చు, ఏం బాగుంది ఏం బాగలేదు, సినిమా రివ్యూ రాసినంత శ్రద్ధగా. రాసేవాళ్లు ఆడి రాయాలి, ఇంగ్లీష్ వెబ్‌సైట్ చూసి దించేయడం కాదు. అనంతపురం, కర్నూలు, కడపలో ఇంజినీరింగ్ కాలేజీల నిండా ఆడేవాళ్లు, తయారు చేద్దామనుకునే వాళ్లు ఉన్నారు, అడిగితే వాళ్లే రాస్తారు. ఈ ఉత్తరం వేసుకోవడానికి జాగా లేకపోతే మోత గురించి రాసిన భాగం ఒక్కటైనా వేయండి, మేస్త్రీకి చదివి వినిపిస్తాను. సంక్రాంతికి తమ్ముడు మిషన్ పట్టుకుపోయేలోపు ఆస్ట్రేలియా పూర్తి చేస్తాను, మీరు సరేనంటే చివరిదాకా ఆడాక నా అభిప్రాయం మళ్లీ రాసి పంపుతాను.

ఇట్లు,
మీ రోజువారీ పాఠకుడు,
అనంతపురం